ముందు ఏడవనివ్వండి, ఉజ్జీవం తర్వాత అడుగుదాం

సంపాదకులు గారికి నమస్కారం.

సంఘంలో పెద్ద నష్టం ఏదైనా జరిగితే, ఆ వెంటనే ఉజ్జీవ కూటాలు, అంటే చల్లారిన విశ్వాసాన్ని మళ్లీ బ్రతికించమని అడిగే ప్రార్థన సభలు, ప్రకటించడం పరిపాటి అయిపోయింది. కాపరి (పాస్టరు) హఠాత్తుగా కన్నుమూసినా, ఒకే ప్రమాదంలో నలుగురు విశ్వాసులు పోయినా, భూస్థాపన జరిగి నాలుగు రోజులైనా కాకముందే కరపత్రం అచ్చవుతుంది. "ఈ మరణం వృథా కాదు, దేవుడు గొప్ప ఉజ్జీవం పంపబోతున్నాడు" అని వేదిక మీంచి చెబుతారు. ముందు వరుసలో భార్యో తల్లో తల వంచుకుని వింటూ ఉంటుంది. ప్రార్థన కూటాలు నడిపే బాధ్యతలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ విషయం మీద కొంచెం వివరంగా రాస్తున్నాం. నష్టకాలంలో ఉజ్జీవం కోసం ప్రార్థించడం తప్పు కాదు. లేఖనాల్లో ఉజ్జీవం కోసం చేసిన ప్రార్థనలు చాలావరకు అలాంటి రోజుల్లోనివే. తప్పల్లా వరస మార్చడంలో ఉంది. ఏడుపును దాటేసి ఉజ్జీవాన్ని అడిగితే ఆ ఏడుపు ఎక్కడికీ పోదు. లోపలే గడ్డకట్టుకుని, ఆరు నెలలకో ఏడాదికో సంఘం మీద కోపంగానో, దేవుడితో మాటల్లేకపోవడంగానో బయటపడుతుంది.

"నీ ప్రజలు నీయందు సంతోషించునట్లు నీవు మరల మమ్మును బ్రదికింపవా?" అని 85వ కీర్తన అడుగుతుంది. ఉజ్జీవం అన్న మాటకు మూలం ఈ బ్రతికించడమే. "మరల" అన్న మాట మీద ఒక్క క్షణం ఆగండి. మళ్లీ బ్రతికించమని అడిగేవాడు తాను చచ్చినట్టున్నానని ముందే ఒప్పుకుంటున్నాడు. కాబట్టి ఏం పోయిందో పేరు పెట్టి చెప్పుకోవడం ఆ ప్రార్థనలోనే ఒక భాగం. ప్రార్థనకు ముందు తొందరగా ముగించాల్సిన లాంఛనంగా దాన్ని చూడకూడదు.

ఎన్నాళ్లు ఆగాలి అని అడుగుతారు. దీనికి పక్కా లెక్క లేదు గానీ ఆనవాళ్లు ఉన్నాయి. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు చేసిన మేలు అదే. నోరు తెరిచాకే అంతా పాడుచేశారు. మోషే చనిపోయినప్పుడు ఇశ్రాయేలీయులు మోయాబు మైదానాల్లో ముప్పై దినాలు ఏడ్చారు. లేచి యొర్దాను దాటమని యెహోషువతో దేవుడన్న మాట గ్రంథంలో ఆ ఏడుపు తర్వాతే కనిపిస్తుంది. విశ్వాసం కోసం రాళ్ల దెబ్బలతో చనిపోయిన స్తెఫనును పాతిపెట్టినవాళ్లు అతని కోసం బహుగా ప్రలాపించారని అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం 2వ వచనం చెబుతుంది. ఆ హింసకు చెదరిపోయినవాళ్లు వాక్యం ప్రకటిస్తూ సాగిపోయారన్న మాట 4వ వచనంలో ఉంది. ఆ క్రమం చూడండి.

దీన్ని ఆచరణలో పెట్టాలంటే మూడు దశలుగా చేసుకోవడం మంచిది. మొదటి వారం కూటం ఏదీ వద్దు. ఇద్దరేసి చొప్పున రోజూ ఒకే వేళకు ఆ ఇంటికి వెళ్లి అరగంట కూర్చోండి. అడిగితే ఒక కీర్తన చదవండి, రెండు వాక్యాల ప్రార్థన చేయండి. అడగకపోతే ఊరకే కూర్చోండి. వర్తమానం ఇవ్వకండి. ఆ ఇంటి పనుల్లో ఏవి ఆగిపోయాయో కనిపెట్టండి. మరణ ధ్రువీకరణ పత్రం ఎవరు తేవాలి, పిల్లల్ని బడికి ఎవరు దింపాలి, కట్టాల్సిన బిల్లులు ఏమున్నాయి అని రాసుకుని, ఒక్కో పని ఒక్కొక్కరు తీసుకోండి. రెండో వారం నుంచి నాలుగో వారం దాకా విలాప ప్రార్థన మాత్రమే. అయిదో వారం నుంచి ఉజ్జీవం కోసం అడగడం మొదలుపెట్టవచ్చు. పోయింది పసిబిడ్డ అయినా, ఆత్మహత్య అయినా, ఒకేసారి చాలామంది అయినా విలాపానికి ఇంకా ఎక్కువ వారాలు పడతాయి. తొందరపడి లాభం లేదు.

విలాప ప్రార్థన అంటే చాలామందికి ఏం చేయాలో తెలియదు. కూటంలో "స్తుతిద్దాం" అనగానే అందరూ అందుకుంటారు, "విలపిద్దాం" అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అలవాటు తప్పిపోయిన పని ఇది. అయితే నేర్పడానికి పుస్తకం చేతిలోనే ఉంది. 13వ కీర్తన తీసుకోండి. ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లో "ఎన్నాళ్లవరకు, ఎంతవరకు" అని పదేపదే అడగడమే. తర్వాతి రెండింటిలో "నన్ను చూడు, నాకు ఉత్తరమియ్యి, నా కన్నులకు వెలుగియ్యి" అని అడగడం. చివరి రెండింటిలో కృపను నమ్ముకోవడం. అంటే మూడో వంతు ఫిర్యాదు, మూడో వంతు అడగడం, మూడో వంతు నమ్మకం. కూటానికి వచ్చినవాళ్లకు తలా ఒక కాగితం ఇచ్చి, ఇదే వరసలో ఆరు వాక్యాలు సొంతంగా రాసుకోమనండి. పది నిమిషాలు చాలు. కాపరిని పోగొట్టుకున్న సంఘంలో అది ఇలా ఉండవచ్చు:

"ప్రభువా, ఇంకా ఎన్నాళ్లు? ఆయన బైబిలు ఇంకా బల్ల మీదే ఉంది, తీసి లోపల పెట్టడానికి ఎవరికీ చేయి రావడం లేదు. మా వైపు చూడు తండ్రీ. ఈ రాత్రి అమ్మగారికి నిద్ర దయచేయి. నీవు మంచివాడవని ఇదే గదిలో నేర్చుకున్నాం. ఆ మాటనే పట్టుకుని ఉన్నాం."

ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. బల్ల మీది బైబిలు ఉంది, రాత్రి నిద్ర ఉంది. విలాపం అలా కంటికి కనిపించే వస్తువుల మీద ఆనుకోవాలి. "మా హృదయాలు బరువెక్కి ఉన్నాయి ప్రభువా" అని అందరూ అనే మాట అంటే ఎవరి గుండే కదలదు. ఇంకొక జాగ్రత్త. అందరూ ఆ చివరి రెండు వాక్యాలకు రాలేరు. వాళ్లను బలవంతం చేయవద్దు. 88వ కీర్తన ఉన్నది వాళ్ల కోసమే. అది మొదటి నుంచి చివరి దాకా మొరే, ముగింపులో కూడా వెలుగు రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆగిపోతుంది. అయినా దాన్ని కీర్తనల గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. నమ్మకం చెప్పలేక ఫిర్యాదు దగ్గరే ఆగిపోయిన మనిషి కూడా ప్రార్థనే చేస్తున్నాడు. మిగతా రెండు వంతులు ఆ వారానికి సంఘం అతని తరఫున పలకవచ్చు.

ఇక అయిదో వారం నుంచి జరిగే కూటం సంగతి. ఎనిమిది నుంచి పన్నెండు మంది దాకా మంచి సంఖ్య. పదిహేను దాటితే రెండు గుంపులు చేయండి, ఎందుకంటే ముప్పై మంది కూర్చున్న చోట నోరు విప్పేది ఎప్పుడూ ఆ అయిదారుగురే. నిడివి గంట. మొదటి అయిదు నిమిషాలు మౌనం. తర్వాత పది నిమిషాలు ఒక కీర్తన రెండుసార్లు నెమ్మదిగా చదవడం, వ్యాఖ్యానం లేకుండా. పది నిమిషాలు మన నష్టం గురించి మాట్లాడుకోవడం. పది నిమిషాలు ఎవరికి వారు మౌనంగా ఒప్పుకోలు, అంటే తమ పాపాలు దేవుడి ముందు ఒప్పుకోవడం. ఇరవై నిమిషాలు విజ్ఞాపన, అంటే కావలసినవి పైకి అడగడం, ఒక్కొక్కరు రెండు నిమిషాలకు మించకుండా. చివరి అయిదు నిమిషాలు ప్రభువు ప్రార్థన, ఆశీర్వాదం. గంట కొట్టగానే లేవాలి. ఇంకా ఉండాలనుకున్నవాళ్లు ఉంటారు, వెళ్లాల్సినవాళ్లు తప్పు చేసినట్టు తల దించుకోకుండా వెళ్లగలగాలి.

రెండు నిమిషాల నియమం గురించి అభ్యంతరాలు వస్తాయి. ఆత్మ నడిపింపుకు గడియారం పెడతారా అంటారు. 1857 సెప్టెంబరు 23న న్యూయార్క్ ఫుల్టన్ వీధిలో జెరమయా లాన్‌ఫియర్ అనే మాజీ వ్యాపారి మధ్యాహ్నం పన్నెండు గంటలకు ప్రార్థన కూటం పెట్టాడు. మొదటి అరగంట ఒక్కడే కూర్చున్నాడు, చివరికి ఆరుగురు పోగయ్యారు. మరుసటి వారం ఇరవై మంది, ఆ పై వారం నలభై మంది. అక్టోబరులో బ్యాంకులు కుప్పకూలి జనం బతుకులు తలకిందులైనప్పుడు ఆ కూటాలు రోజూ జరిగేలా పెరిగి, కొద్ది నెలల్లో ఎన్నో నగరాలకు పాకాయి. అక్కడి నియమాలు చాలా సాదావి. గంటలో ముగించాలి, ఎవరి ప్రార్థన గానీ మాట గానీ అయిదు నిమిషాలు దాటకూడదు, వివాదాస్పద అంశాలు ఎత్తకూడదు. ఒకరి గొంతే వినిపించకుండా చేసింది ఆ నియమమే. పన్నెండు మంది గుంపులో ఒకరు పదిహేను నిమిషాలు ప్రార్థిస్తే మిగతా పదకొండు మంది శ్రోతలైపోతారు, మరుసటి వారం వాళ్లలో నలుగురు రారు. ఆ చరిత్రలో ఇంకో సంగతి ఉంది, దాన్ని తరచుగా మరచిపోతాం. కూటం మొదలైంది ఆ కుప్పకూలడానికి ముందు. నష్టం వచ్చి పడ్డాక కొత్తగా గుంపు కట్టడం కష్టం, అప్పటికే వారం వారం కూర్చునే పది మంది ఉంటే దుఃఖానికి ఒక చోటు సిద్ధంగా ఉంటుంది.

అడిగేది ఏమిటో స్పష్టంగా ఉండాలి. "ఉజ్జీవం దయచేయి ప్రభువా" అని ఇరవై నిమిషాలు అన్నా, వచ్చిందో లేదో తెలుసుకునే మార్గం లేదు. ఈ విషయంలో పారసీక రాజు కొలువులో ఉన్న యూదుడు నెహెమ్యాను చూడండి. యెరూషలేము గోడ కూలి ఉందని, గుమ్మాలు కాలిపోయాయని విని అతను కూర్చుని ఏడ్చాడు, కొన్ని దినాలు ఉపవాసం ఉన్నాడు. అతని ప్రార్థనలో ఒప్పుకోలు ఉంది, అదీ తనతో మొదలైంది: "నేనును నా తండ్రి యింటివారును" పాపం చేశాం అన్నాడు. అప్పుడు కిస్లేవు నెల. రాజు అతని ముఖం చూసి ఏం కావాలి అని అడిగింది నీసాను నెలలో. మధ్యలో సుమారు నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో ప్రార్థన ఎంత వివరంగా తయారైందో 2వ అధ్యాయం చదివితే తెలుస్తుంది. ఎంతకాలం పడుతుందో రాజుకు చెప్పాడు, నది అవతలి అధికారులకు తాకీదులు అడిగాడు, గుమ్మాల దూలాలకు మ్రానులిమ్మని అడవిని కాసే ఆసాపుకు ఉత్తరం అడిగాడు. మనిషి పేరు, కలప లెక్క దాకా వెళ్లింది. ఏడుపుతో మొదలైన ప్రార్థన పని పట్టికగా మారడమంటే ఇదే.

కాబట్టి ఒక నోటు పుస్తకం పెట్టండి. పేజీకి మూడు గడులు. తేదీ, అడిగినది, జరిగినది. "కుటుంబాల్లో ఐక్యత" అని రాయకండి. "ఆస్తి తగాదాతో మాట్లాడుకోవడం మానేసిన ఇద్దరు అన్నదమ్ములు క్రిస్మసు లోపు ఒక చోట కూర్చోవాలి" అని రాయండి, పేర్లు మాత్రం పుస్తకంలో పెట్టకండి. "వాక్యం మీద ఆకలి" అని కాకుండా "యువకుల్లో అయిదుగురు మార్కు సువార్త పూర్తిగా చదవాలి" అని రాయండి. నెలకొకసారి ఆ పుస్తకం గట్టిగా చదవండి. మూడో గడి ఖాళీగా ఉన్నవి కూడా చదవాలి. జరిగినవే చదివితే అది సాక్ష్యాల ప్రదర్శన అవుతుంది, ఇంకా జవాబు రానివాళ్లు మూలన పడిపోతారు.

ఇక గొలుసు ప్రార్థన, అంటే వంతులు వేసుకుని ఆగకుండా చేసే ప్రార్థన గురించి. 1727లో జర్మనీలోని హెర్న్‌హట్‌లో మొరేవియన్లు అనే క్రైస్తవ సమాజంవాళ్లు ఇరవై నలుగురు పురుషులు, ఇరవై నలుగురు స్త్రీలు తలా ఒక గంట పంచుకుని ప్రార్థన మొదలుపెట్టారు, అది నూరేళ్లకు పైగా సాగింది. వాళ్లలో చాలామంది స్వదేశం వదిలి పారిపోయి వచ్చినవాళ్లు. ఇల్లూ నేలా పోగొట్టుకున్న జనం నడిపిన ప్రార్థన అది. ఆ మాట వినగానే ఉత్సాహంతో నలభై రోజులు రాత్రింబగళ్లు అని ప్రకటిస్తారు. లెక్క వేసి చూడండి. నలభై రోజులంటే 960 గంటలు. ముప్పై మంది ఉంటే మనిషికి 32 గంటలు. ఉద్యోగాలూ పిల్లలూ ఉన్నవాళ్లతో, పైగా దుఃఖంలో నిద్ర పట్టని వాళ్లతో అది సాగదు. తొమ్మిదో రోజుకో పదో రోజుకో తెగిపోతుంది, ముందుగా తెగేది తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య. తెగిన గంటల్ని ఎవరు పూడుస్తారు? ఎక్కువసార్లు పోయినవారి ఇంటివాళ్లో, కాపరి భార్యో. అందరికంటే అలిసిపోయినవాళ్ల మీదే బరువు పడుతుంది.

దాని బదులు ఉదయం అయిదు నుంచి ఎనిమిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది పెట్టుకోండి. ఆరు గంటలు, అరగంట చొప్పున పన్నెండు వంతులు. ఒక్కో వంతుకు ఇద్దరు, అంటే ఇరవై నలుగురు చాలు. ఇద్దరు ఎందుకంటే ఒకరికి జ్వరం వస్తే రెండోవాళ్లు ఉంటారు. వంతు ముగియగానే తర్వాతి జంటకు ఫోను చేసి గొంతు వినిపించండి, మెసేజి పెట్టి ఊరుకోకండి, అది చూడకుండా నిద్రపోతారు. ఇరవై ఒక్క రోజులు చేసి, ఒక వారం ఆపి, కొనసాగించాలా వద్దా అని కూర్చుని మాట్లాడుకోండి. ఎవరూ దొరకని వంతును ఖాళీగానే వదిలేయండి. ఖాళీ గడి చూసి దేవుడు అలిగిపోడు. మరణం జరిగిన ఇంటివాళ్ల పేర్లు వాళ్లు అడిగితే తప్ప పట్టికలో వేయకండి.

ఉపవాసం విషయంలో రెండే మాటలు. దుఃఖంలో ఉన్న మనిషి అప్పటికే సరిగా తినడం లేదు, పడుకోవడం లేదు, ఆ శరీరానికి ఇంకా ఉపవాసం పెట్టకండి. మిగతావాళ్లు ఒక పూటతో మొదలుపెట్టవచ్చు, నీళ్లు మాత్రం మానకూడదు. మధుమేహానికి మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు ఉండనే కూడదు. బట్టలు కాదు, హృదయాలు చింపుకోమని యోవేలు ప్రవక్త అన్నాడు కదా.

ఇప్పుడు తప్పులు జరిగే చోట్లు. వీటిలో మొదటిది చావుకు కారణం ప్రకటించడం. "సంఘంలో పాపం ఉంది కాబట్టే ఇలా జరిగింది", "ప్రార్థన తగ్గింది కాబట్టే సాతాను ద్వారం తెరుచుకుంది" అని మైకులో చెప్పడం. సిలోయము గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది మిగతా అందరికంటే అపరాధులనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదు అన్నాడు. మీరూ మారుమనస్సు పొందండి అని వెంటనే అన్నాడు, నిజమే. కానీ ఆ మాట బతికున్నవాళ్లను ఉద్దేశించినది, చనిపోయినవాళ్ల మీద తీర్పు కాదు. ఉజ్జీవ కూటంలో ఒప్పుకోలు ఎప్పుడూ మాట్లాడేవాడి సొంత పాపం దగ్గర మొదలవ్వాలి. పోయినవాళ్ల మీదికో, పక్కింటివాళ్ల మీదికో వేలు మళ్లిన క్షణం కూటం నడిపేవాళ్లు ఆపేయాలి. మర్యాద కోసం ఊరుకుంటే ఆ ఒక్క మాట ఆ కుటుంబాన్ని ఏళ్ల తరబడి కాలుస్తుంది.

రెండోది, దుఃఖంలో ఉన్నవాళ్లతో సాక్ష్యం చెప్పించడం. భర్త పోయి పదిహేను రోజులైనా కాని ఆమెను ముందుకు పిలిచి "దేవుడు మంచివాడని చెప్పమ్మా" అంటారు. ఆమె చెబుతుంది కూడా, కాదనడానికి దారి లేదు గనక. ఇంటికెళ్లాక తనది అబద్ధమా నిజమా అని తనకే తెలియక నలిగిపోతుంది. కనీసం ఏడాది దాకా ఎవరినీ పిలవవద్దు. వాళ్లంతట వాళ్లే చెబుతామంటే, ముందు రోజు ఇద్దరితో మాట్లాడుకోనిచ్చి, మధ్యలో ఆపేసినా పరవాలేదని చెప్పి నిలబెట్టండి. వీడియో తీయకండి.

మూడోది శబ్దం. సౌండ్ బాక్సులు పెంచి, ఒకే పల్లవి ఇరవైసార్లు పాడించి, జనం గట్టిగా ఏడ్చేదాకా ఆపకపోతే అందరూ ఏడుస్తారు. పోయినవాళ్లు గుర్తొచ్చి ఏడుస్తారు. దాన్ని పశ్చాత్తాపం అనుకోవడం పొరపాటు. దైవచిత్తానుసారమైన దుఃఖం వేరు, లోకసంబంధమైన దుఃఖం వేరు అని రెండో కొరింథీ పత్రిక 7వ అధ్యాయం విడదీసి చెబుతుంది. వాటికి తోడు ఆప్తుల్ని పోగొట్టుకున్న దుఃఖం మూడోది. అది పాపం కాదు, దానికి పశ్చాత్తాపపడాల్సిన పని లేదు, కావలసింది తోడు. "ఏడ్చువారితో ఏడువుడి" అన్నాడు పౌలు. ఒకరి కన్నీళ్లు ఏ రకమో తెలియకపోతే పక్కన కూర్చోండి, ముందుకు లాక్కెళ్లకండి.

ఒప్పుకోలు నిజంగా కదిలినప్పుడు ఏమవుతుందో 1907 జనవరిలో ప్యాంగ్యాంగ్‌లో కనిపించింది. కొరియా తన స్వాతంత్ర్యాన్ని జపానుకు పోగొట్టుకుంటున్న రోజులవి. చనిపోతూ ఒక స్నేహితుడు తన ఆస్తి చూసుకోమని అప్పగిస్తే అందులోంచి సొమ్ము తీసుకున్నానని గిల్ సున్‌జు అనే సంఘ నాయకుడు అందరి ముందు ఒప్పుకున్నాడు. అప్పులు తీర్చడం, దొంగిలించినవి తిరిగి ఇవ్వడం ఆ ఉజ్జీవంతో పాటే నడిచాయి. నష్టకాలంలో ముందుగా చూసుకోవాల్సినవి అలాంటివే. పోయినవారి సొమ్ము ఎవరి దగ్గరుంది, వాళ్లకు ఇవ్వాల్సిన బాకీ ఏమిటి, విధవరాలి సంతకం ఎవరైనా తొందరపెట్టి తీసుకున్నారా. అయితే బహిరంగ ఒప్పుకోలుకు ఒక హద్దు ఉండాలి. పాపం ఎంతమందికి తెలుసో, ఎంతమందిని గాయపరిచిందో అంతమంది ముందే ఒప్పుకోవాలి. మనసులో అనుకున్న దాన్ని మైకులో చెప్పనక్కరలేదు. రెండోవాళ్ల పేరు వచ్చేలా ఒప్పుకోకూడదు. పిల్లల మీద గానీ, మరెవరి మీద గానీ దౌర్జన్యం జరిగిందని బయటపడితే ప్రార్థనతో సరిపెట్టకండి, చట్టప్రకారం ఫిర్యాదు చేయించండి.

డబ్బు విషయంలో ఒంగోలు చరిత్ర గట్టి పాఠం. 1876-78 కరువులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని ఎందరో అడిగారు. కూడు కోసం అడుగుతున్నారేమోనని ఆ సాయం నడిచినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. కరువు సాయం ముగిశాక 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను అందరూ చెబుతారు, దానికి ముందు ఆగిన నెలల సంగతి చెప్పేవాళ్లు తక్కువ. ఆకలితోనో దుఃఖంతోనో ఉన్న మనిషి దేనికైనా సరే అంటాడు. ఆ సమయంలో అతని చేత నిర్ణయాలు చేయించకపోవడం ప్రేమ. ఉజ్జీవ ప్రార్థన సాగినన్ని వారాలు ప్రత్యేక కానుక పట్టకండి. బాధిత కుటుంబం కోసం నిధి వసూలు చేస్తే దాన్ని విడిగా ఉంచి, ఇద్దరి సంతకాలతో నడిపి, లెక్క నెలాఖరుకు సంఘంలో చదవండి.

పోయింది కాపరి అయితే ఇంకో చిక్కు ఉంది. నలభై రోజుల ప్రార్థన ఒక వైపు, ఆయన కుర్చీ కోసం గుసగుసలు ఇంకో వైపు. పెంతెకొస్తుకు ముందు మేడగదిలో ఇంచుమించు నూట ఇరవై మంది ఏకమనస్సుతో ప్రార్థిస్తూ ఉన్నప్పుడు యేసును పట్టిచ్చి, ఆ తర్వాత చనిపోయిన శిష్యుడు యూదా ఖాళీ స్థానం గురించి పేతురు అందరి మధ్య నిలబడి మాట్లాడాడు. ఇద్దరిని నిలబెట్టారు, ప్రార్థించారు, చీట్లు వేశారు, మత్తీయ పేరు వచ్చింది. ఆత్మ కుమ్మరింపు తర్వాతి అధ్యాయంలో ఉంది. ఖాళీ గురించి బాహాటంగా మాట్లాడటం ఉజ్జీవానికి అడ్డు కాదు. మొదటి రెండు వారాల్లోనే తాళాలు, బ్యాంకు పుస్తకం, రిజిస్టర్లు ముగ్గురు పెద్దలు కలిసి లెక్క చూసి సంతకం పెట్టి ఉంచండి. కొత్త కాపరి నిర్ణయం ఎప్పుడు, ఎలా జరుగుతుందో సంఘానికి ఒక తేదీ చెప్పండి. తేదీ తెలిస్తే గుసగుస సగం తగ్గుతుంది, ప్రార్థనలో ఎత్తిపొడుపులు కూడా తగ్గుతాయి. కాపరి కుటుంబం సంఘం ఇంట్లో ఉంటుంటే ఆ ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలన్నది కూటంలో ఎత్తకండి, విడిగా, కనీసం ఆరు నెలల గడువిచ్చి మాట్లాడండి.

పిల్లల దగ్గర మాటలు జాగ్రత్త. "నాన్నగారు నిద్రపోయారు" అంటే బిడ్డకు రాత్రి పడుకోవాలంటే భయం వేస్తుంది. "దేవుడికి కావాలని తీసుకుపోయాడు" అంటే ఆ దేవుడికి ప్రార్థన చేయమన్నప్పుడు నోరు మూసుకుంటుంది. చనిపోయారు అన్న మాటే వాడి, ఇక రారని చెప్పి, నీ తప్పేమీ లేదని రెండుసార్లు చెప్పండి. పునరుత్థాన నిరీక్షణ ఆ తర్వాత, వాళ్లు అడిగినప్పుడు.

మందులు వాడుతున్నవాళ్లను విశ్వాసం పేరుతో ఆపమనకండి. ఎవరైనా "నేనూ ఆయన దగ్గరికి వెళ్లిపోతా" అంటే పరలోక నిరీక్షణ అనుకుని ఆమెన్ అనకండి. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగండి, అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఏడాది దాటినా రోజంతా అదే వేదనలో మునిగి, తన పనులు తాను చేసుకోలేని స్థితి ఉంటే దానికి చికిత్స ఉంది. ప్రార్థన దానికి తోడుగా నడుస్తుంది.

ఇవన్నీ చేస్తే ఉజ్జీవం వస్తుందా? రప్పించే యంత్రం ఎవరి దగ్గరా లేదు. రాజైన ఉజ్జియా మృతినొందిన సంవత్సరమున యెషయా ప్రభువును చూశాడు, పెదవులు కాలాయి, నన్ను పంపమన్నాడు. పంపింది ఎక్కడికో చదవండి, వినీ గ్రహించని జనం దగ్గరికి. ఎంతమంది వచ్చారన్న లెక్కతో చూస్తే ఆ అధ్యాయం ఓటమిలా ఉంటుంది. అందుకే కూటానికి వచ్చినవాళ్ల సంఖ్య రాసుకోవడం కంటే ఆ నోటు పుస్తకంలో మూడో గడి చూసుకోవడం మేలు. "కోపించుచునే వాత్సల్యమును జ్ఞాపకమునకు తెచ్చుకొనుము" అన్న హబక్కూకు ప్రవక్త, అదే అధ్యాయం చివరికి వచ్చేసరికి అంజూరపు చెట్లు పూయకపోయినా, శాలలో పశువులు లేకపోయినా అంటూ మాట్లాడాడు. పోయినవి తిరిగి వచ్చాయని ఆ ప్రార్థనలో ఎక్కడా లేదు.

మీ పత్రికకు ఒక మనవి. ఇలాంటి కూటాల ప్రకటనలు మీకు వచ్చినప్పుడు, పోయినవారి ఫొటో వేయడానికి ఇంటివాళ్లు ఒప్పుకున్నారా అని ఒక్కసారి అడగండి. సంఘాలు నడిపేవాళ్లకూ ఒక మాట. అందరూ రాకపోకలు మానేసే మూడో నెల, పుట్టినరోజు, పెళ్లిరోజు, మొదటి సంవత్సరం తేదీలు ఇప్పుడే క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఆ రోజు ఎవరు వెళ్లాలో పేరు రాయండి. నోటు పుస్తకం నిండిపోతే కొత్తది కొనండి గానీ, పాతదాంట్లో మూడో గడి ఖాళీగా ఉన్న వాటిని ముందు కొత్త పుస్తకం మొదటి పేజీలోకి ఎక్కించండి. మరుసటి కూటం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఇట్లు,
ప్రార్థన కూటాలు నడిపే కొందరు సంఘ పెద్దలు